ఊచలన్నీ ఒకచోట

ఆ వానాకాలం మొదట్లో మా అమ్మ ఇంట్లోకి రావడం మానేసింది. ఎక్కడికో వెళ్లిపోయిందని కాదు. పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లి నాన్న దగ్గర కూర్చునేది, సాయంత్రానికి తిరిగొచ్చేది, వచ్చి చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని వీధిగుమ్మం మీదే కూలబడేది. నేను బస్టాండులో టికెట్ల కౌంటరు మూసి ఇంటికొచ్చేసరికి అలాగే ఉండేది. చెప్పులైనా విప్పేది కాదు.

"లోపలికి రావా అమ్మా?" అంటే, "ఎక్కడ పెట్టనే కాలు?" అనేది.

ఆ మాట అబద్ధమేం కాదు. మా ఇంట్లో కాలు పెట్టే సందు ఉండేది కాదు. నాన్నది గొడుగులు బాగుచేసే పని. ముందుగదే ఆయన దుకాణం, ఆయన ఆఫీసు, ఆయన లోకం. ఎండలు ముదిరి ఇంక పోతాయనగా ఊరందరికీ ఒక్కసారిగా గొడుగు గుర్తొస్తుంది. అటక మీంచి దింపి తెరిచి చూస్తారు, తెరుచుకోకపోతే మా ఇంటికి పట్టుకొస్తారు. నాన్న ఒక్కోదాన్ని విప్పి, దాని ఊచలూ కర్రా గుడ్డా పిడీ స్ప్రింగూ అన్నీ ఒక కుప్పగా పోసి, ఆ కుప్పను ఎక్కడ తోస్తే అక్కడ పెట్టి ఇంకోటి అందుకునేవాడు. కిటికీ కింద కుప్ప, గుమ్మం పక్కన కుప్ప, మంచం కింద కుప్ప, వచ్చినవాళ్లు కూర్చోవలసిన కుర్చీలో ఇంకో కుప్ప. చిన్నప్పట్నుంచీ నేను వాటిని గెంతుతూనే పెరిగాను. మా ఇంట్లో నడక నేర్చుకున్న పిల్లకి పరుగుపందెంలో బహుమతి రాకపోవడమే వింత.

"ముట్టుకోవద్దు." నాన్న ఆ కుప్పల గురించి మాతో అన్నదల్లా ఆ ఒక్క మాటే. దాన్ని మాత్రం పొద్దస్తమానం అనేవాడు. అమ్మ చీపురు తీసిందంటే చాలు, తల ఎత్తకుండానే "ముట్టుకోవద్దు" అనేవాడు. అమ్మ ఆ గది మధ్యలో నిలబడి, "ఇది ఇల్లా, గొడుగుల శ్మశానమా? ఎవరైనా గుమ్మంలోకొస్తే తల ఎత్తుకోలేకపోతున్నా" అని ఎవరికీ కాకుండా గోడకి చెప్పుకునేది.

అలా కుప్పల మధ్య కూర్చుని పని చేస్తూ చేస్తూ ఒక మధ్యాహ్నం నాన్న పక్కకి ఒరిగిపోయాడు. ప్రాణం దక్కింది, మాటా దక్కింది. కుడిచెయ్యీ కుడికాలూ మాత్రం చెప్పిన మాట వినడం మానేశాయి.

ఆయన్ని చూస్తున్న డాక్టరు పెద్దావిడ. మాటలో నాన్చుడు లేదు. ఒకరోజు అమ్మనీ నన్నూ వరండాలోకి పిలిచింది.

"ఇంక ఇంటికి తీసుకెళ్లండమ్మా. అయితే చక్రాల కుర్చీ తిరగడానికి చోటుండాలి. మంచం వీధిగుమ్మానికి దగ్గర్లో ఉండాలి. ఇంతకీ ఏం పని చేస్తారు మీ ఆయన?"

"గొడుగులు బాగుచేస్తారండి" అంది అమ్మ, అదేదో తప్పు పని అయినట్టు.

"ఇంకేం! అదే మందు. కొత్త పని నేర్పితే ఆ చెయ్యి మొరాయిస్తుంది. అలవాటైన పని ముందు పెడితే దానంతటదే కదలడం మొదలెడుతుంది. ఎంత తొందరగా తన సామాను ముందు కూర్చుంటే అంత మంచిది. ఆలస్యమైతే నేనేం చెప్పలేను."

అంటే నాన్న చెయ్యి మళ్లీ లేవాలంటే ఇల్లు ఖాళీ అవ్వాలి. ఇంత సులువుగా అర్థమయ్యే మాట ఇంకోటి లేదు. చెయ్యడం మొదలుపెట్టడమే ఎవరి వల్లా కాలేదు.

ఎందుకంటే అప్పటికి గొడుగులొక్కటే కాదు. అమ్మ ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నన్నాళ్లూ ఇల్లు దాని ఇష్టమొచ్చినట్టు పెరిగింది. ఉతకని బట్టలు, ఉతికినా మడతపెట్టని బట్టలు, తోమని గిన్నెలు, మందుల సంచులు, చూడ్డానికొచ్చినవాళ్లు తెచ్చిన పళ్ల బుట్టలు, ఆ బుట్టల్లో మరచిపోయిన పళ్లు. ఒకరోజు అమ్మ ధైర్యం చేసి లోపలికెళ్లింది. బట్టల మూట ఎత్తింది. దాన్ని మంచం మీద పెడదామంటే మంచం మీద గిన్నెలున్నాయి. గిన్నెలు తీసి వంటింట్లో పెడదామంటే అక్కడ బుట్టలున్నాయి. మూట చేతుల్లో పట్టుకుని గది మధ్యలో అలాగే నిలబడిపోయింది. తర్వాత దాన్ని ఎత్తిన చోటే పెట్టి, వచ్చి మళ్లీ గుమ్మం మీద కూర్చుంది.

"నా వల్ల కాదే. ఏది ముందు తియ్యాలో తెలియట్లేదు. ఇంట్లోకి చూస్తే గుండె దడొస్తోంది" అంది.

నాకు జాలి వెయ్యాలి. కోపమొచ్చింది. పొద్దంతా జనంతో నోరు నొప్పెట్టేలా అరిచి వచ్చిన మనిషిని. "కూర్చుంటే అవుతుందా?" అన్నాను. అంటే అన్నాను గానీ, నేనూ చెప్పులు విప్పి ఆమె పక్కనే కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే స్టోరత్త వచ్చింది.

స్టోరత్త అంటే నాన్నకి సొంత అక్క. వేరే ఊళ్లో ఆస్పత్రి స్టోరులో పనిచేసి రిటైరైంది. పెద్ద పెద్ద అలమార్లు, వాటిలో కట్టు గుడ్డల పక్కన కట్టు గుడ్డలు, సీసాల పక్కన సీసాలు. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా కావలసింది దొరికేదట. ఏ జాతి సామాను ఆ జాతితో ఉండాలన్నది ఆవిడ జీవితంలో నేర్చుకున్న ఒకే ఒక్క సంగతి. అది చాలనుకుంది కూడా. మా ఇంటికి వచ్చినప్పుడల్లా కిటికీ మీద వేలు రాసి, ఆ వేలు చూసుకుని, ఏమీ అనేది కాదు. ఆ ఏమీ అనకపోవడానికే అమ్మకి మూడురోజులు తలనొప్పి.

ఆటో దిగి, సంచీ భుజాన వేసుకుని, మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"ఏమే మరదలా! గొడుగులు లోపలా, మనుషులు బయటా? ఇదెక్కడి చోద్యమే!"

అమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. వదిన ముందు ఏడవడం అమ్మ లెక్కలో పరువు పోయినంత పని. కానీ ఆగలేదు. అత్త సంచీ కింద పెట్టి, ఎప్పుడూ లేంది, ఆ గుమ్మం మీద అమ్మ పక్కనే ఇరుక్కుని కూర్చుంది.

"ఏడవకే. ఇల్లంతా ఒక్కసారి చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. నువ్వు ఇల్లు చూడకు. ఇదిగో, ఈ చెప్పులు చూడు. వీటిని జతలు జతలుగా పెట్టు చాలు. ఇవాళ్టికి నీ పని అంతే."

"అంతేనా?"

"అంతే. ఆ పైన నువ్వు చేస్తానన్నా నేను చెయ్యనివ్వను."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని చెప్పులు జతలు పెట్టింది. జతకానిది ఒకటి మిగిలితే దాన్ని చేత్తో పట్టుకుని, "దీని జోడు ఏమైందో వదినా" అంది. "పోయినదాన్ని వెతకడం రేపటి పని" అంది అత్త. ఎన్నో రోజుల తర్వాత అమ్మ ఆ సాయంత్రం ఇంట్లోకి నడిచి వచ్చి, లోపల కూర్చుని టీ తాగింది.

అక్కణ్ణుంచి నేను చూసింది సాయంత్రాలే. పగలు కౌంటర్లో ఉండేదాన్ని. వచ్చేసరికి ఇంట్లో ఒక మూల కొత్తగా కనిపించేది. ఒకరోజు సింకు బయటపడింది. ఇంకోరోజు లోపలి గదిలో మంచం. ఆ తర్వాత వంటింటి గచ్చు, అది ఎర్రటి గచ్చని నేను మర్చేపోయాను. అత్త పద్ధతి ఒకటే. అమ్మని గది మొత్తం చూడనిచ్చేది కాదు. "ఈ అర చూడు. పక్క అర వైపు చూశావో, కళ్లకి గంతలు కడతా" అనేది. అమ్మ నిజంగానే అరచెయ్యి కంటికి అడ్డం పెట్టుకుని పని చేసేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. పెళ్లై వచ్చినప్పట్నుంచీ ఒకరంటే ఒకరికి బిగుసుకుపోయే మనుషులు, చేటంత మొహాలు చేసుకుని పాత పెనాలు తోముకుంటుంటే చూడముచ్చటగా ఉండేది.

డబ్బాల దగ్గర కాస్త గొడవైంది. అత్త మూతలన్నీ ఒక బుట్టలో వేసింది, డబ్బాలన్నీ ఒకదాంట్లో ఒకటి దూర్చి పైన పెట్టింది. అమ్మకి పంచదార డబ్బా మూత కావాలంటే బుట్ట మొత్తం తిరగెయ్యాల్సి వచ్చింది.

"వదినా, ఏ డబ్బా నెత్తి మీద దాని మూత ఉంటే పోయేది కదా!"

"చూడ్డానికి బాగుంటుందా అలా? నాలుగురోజులు అలవాటు పడవే, నీకే తెలుస్తుంది."

అమ్మ అలవాటు పడింది. నేను కూడా. ఇల్లు తేరుకుంటుంటే అమ్మ కూడా తేరుకుంటోందని నాకు కనిపిస్తూనే ఉంది. ఆ సంతోషంలో మూతల గోల ఎవరు పట్టించుకుంటారు?

చివరికి ముందుగది మిగిలింది.

ఆరోజు నాకు సెలవు. అత్త కొంగు బిగించి గుమ్మంలో నిలబడింది. మందుల షాపతన్ని బతిమాలి తెచ్చిన అట్టపెట్టెలు వరసగా పేర్చింది. అమ్మ మాత్రం గది బయటే ఆగిపోయింది.

"వదినా, వీటిని ముట్టుకోవద్దంటారు ఆయన."

"ఎందుకట?"

అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. 

"పనిలో ఉన్నప్పుడు కదిలిస్తే చిరాకు కదా, అందుకని అంటారేమో" అంది అమ్మ.

"మరిప్పుడు పనిలో లేడుగా. పాపం, వాడు వంగి వెతుక్కోగలడా ఇప్పుడు? కుర్చీలో కూర్చున్నవాడికి ఊచ కావాలంటే ఊచల పెట్టె ఒళ్లో పెడితే చాలదూ? పిడి కావాలంటే పిడుల పెట్టె. మా తమ్ముడు వెతుక్కునే అవసరం లేకుండా చేస్తానే నేను."  చిన్నప్పుడు వాళ్లమ్మ పోతే నాన్నని పెంచింది ఆవిడే.

ఆ మాటకి అమ్మ మెత్తబడింది. నాకూ సబబుగానే తోచింది. ముగ్గురం కూర్చున్నాం. సాయంత్రమయ్యేసరికి కుప్పలు లేవు. ఊచలన్నీ పొడుగు ప్రకారం ఒక పెట్టెలో, కర్రలన్నీ కట్టకట్టి ఒక మూల, పిడులు ఒకచోట, స్ప్రింగులు ఒక డబ్బాలో, గుడ్డలు ఉతికి రంగుల వారీగా మడతపెట్టి అరలో. అత్త ప్రతి పెట్టె మీదా లావుపాటి అక్షరాలతో పేరు రాసింది. అమ్మ గచ్చు కడిగింది. తడి ఆరాక నేను వట్టి కాళ్లతో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచాను. ఒక్కసారి కూడా గెంతాల్సిన పని లేకుండా, మా ముందుగదిలో తిన్నగా నడవడం నాకదే మొదటిసారి. పక్కింటావిడ తొంగి చూసి, "అబ్బ, మీ ఇల్లేనా ఇది!" అంది. అమ్మ మొహం వెలిగిపోయింది. ఆ ఒక్క మాట కోసం ఎన్నేళ్లు కాచుకుందో.

మర్నాడు నాన్నని తీసుకొచ్చాం.

కుర్చీ గుమ్మం దాటి లోపలికి రాగానే అత్త పక్కకి తప్పుకుని, చిన్నపిల్లలా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. నాన్న గదంతా చూశాడు. కిటికీ కిందకి చూశాడు. గుమ్మం పక్కకి చూశాడు. మంచం కిందకి వంగబోయి, వంగలేక, మెల్లగా అన్నాడు.

"ఇక్కడివి ఏవి?"

"ఎక్కడికీ పోలేదురా! ఇదిగో, ఊచలన్నీ ఇందులో. పిడులన్నీ ఇందులో. చూడు, గుడ్డలు ఉతికించా కూడా. నువ్వు చెయ్యి చాపితే చాలు, కావలసింది ఒళ్లోకొస్తుంది."

నాన్న ఆ పెట్టెల మీది అక్షరాలు ఒక్కోటీ చదివాడు. చదవడం అయ్యాక కూడా కాసేపు వాటినే చూశాడు. తర్వాత అత్త మొహం చూశాడు, అమ్మ మొహం చూశాడు.

"బాగుంది అక్కా. చాలా కష్టపడ్డారు" అన్నాడు.

అంతే అన్నాడు. మేం మురిసిపోయాం. అత్త ఆరోజు రెండోసారి టీ పెట్టించుకుని తాగింది.

ఆ వారంలోనే వాన పట్టుకుంది. పట్టుకున్న రోజే టీచరమ్మ వచ్చింది, చీర అంచు తడిసి, తల మీద పుస్తకం అడ్డం పెట్టుకుని. నాన్నని పలకరించి, ఆయన తేరుకున్నందుకు సంతోషమని చెప్పి, మొహమాటంగా అడిగింది.

"తొందరేం లేదండీ. నా నీలం గొడుగు అయిందేమోనని..."

నాన్న కళ్లు కిటికీ కిందకి వెళ్లి, ఖాళీ గచ్చు మీద ఆగిపోయాయి. "రేపు చూస్తానమ్మా" అన్నాడు.

ఆవిడ వెళ్లాక అమ్మ హుషారుగా నీలం గుడ్డలన్నీ తీసింది. ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. "తెల్ల అంచుది" అన్నాడు నాన్న. దొరికింది. అత్త ఊచల పెట్టె ఒళ్లో పెట్టింది. నాన్న ఎడమచేత్తో ఒక ఊచ తీసి, కుడిచేతి వేళ్ల మధ్య దూర్చి, కర్రకి ఆనించి చూశాడు. పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. పక్కన పెట్టాడు. కుడిచెయ్యి ప్రతిసారీ కొంచెం లేచి, ఎటో వెళ్లబోయి, మళ్లీ ఒళ్లో పడిపోయేది. పొద్దు వాలేదాకా అలాగే తీస్తూ పెడుతూ ఉండిపోయాడు.

మర్నాడు పాలాయన వచ్చాడు. ఆ మర్నాడు బస్సు డ్రైవరు, నా కౌంటరు ముందునుంచే రోజూ వెళ్లేవాడు, వచ్చి వాళ్లావిడ గొడుగు అడిగాడు. అందరికీ నాన్న "రేపు చూస్తా" అనే చెప్పాడు. నాన్న నోట రేపు అన్న మాట అంతకుముందు నేను వినలేదు. ఫలానా రోజు రమ్మంటే ఆ రోజుకి ఇచ్చేసేవాడు.

నేను ఉండబట్టలేకపోయాను. ఇంటికొచ్చి ఆయన కుర్చీ పక్కన గచ్చు మీద కూర్చున్నాను.

"ఏమైంది నాన్నా? చెయ్యి కదలట్లేదా?"

"కదులుతోంది అమ్మడూ. ఎటు వెళ్లాలో దానికి తెలియట్లేదు."

"అన్నీ నీ పక్కనే ఉన్నాయిగా?"

 నాన్న ఎడమచేత్తో గదిలోకి చూపిస్తూ చెప్పడం మొదలెట్టాడు. చెబుతున్నంతసేపూ ఖాళీ గచ్చు కేసే చూస్తున్నాడు.

"కిటికీ కింద టీచరమ్మది. ఆవిడకి బడి తెరిస్తే తొందర, కనబడుతూ ఉంటుందని అక్కడ. గుమ్మం పక్కన పాలాయనది. పొద్దున్నే సైకిలు ఆపి అడుగుతాడు, చేతికందేలా ఉండాలి. మంచం కింద డ్రైవరుది. అతనికి తొందర లేదు. కుప్ప అంటే ఒక గొడుగు అమ్మడూ. ఒకదాని ఊచ ఇంకోదానికి పట్టదు. చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, వెంట్రుకవాసి తేడా ఉంటుంది, పైగా నేను ఒక్కోదాన్నీ దాని కర్రకి సరిపడా వంచి పెట్టుకుంటా. పొద్దున లేచి కుప్ప ముందు కూర్చుంటే చెయ్యి దానంతటదే వెళ్లేది. నేను ఆలోచించేవాణ్ణి కాదు."

 నాకు వచ్చింది కోపమే.

"ఇన్నేళ్లలో ఒక్కసారి చెప్పొచ్చుగా నాన్నా!"

"ముట్టుకోవద్దని చెప్పాగా."

"ఎందుకో చెప్పావా?"

నాన్న నా వైపు తిరిగాడు. ఆయన మొహంలో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధైంది.

"మీకు తెలుసనుకున్నా. ఒకే ఇంట్లో ఉంటున్నాం కదా" అన్నాడు.

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. అత్త వింది. అమ్మ కూడా వినే ఉంటుంది. ఆ పూట ఎవరం సరిగ్గా తినలేదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, నాన్న కునుకు తీస్తుండగా, ముందుగదిలో గలగలమని చప్పుడైంది. వెళ్లి చూస్తే అత్త గచ్చు మీద చతికిలబడి ఉంది. ఊచల పెట్టె బోర్లించేసింది. పిడుల పెట్టె బోర్లించేసింది. తన చేత్తో కట్టిన కర్రల కట్ట విప్పేసింది. జీవితంలో ఒక్క వస్తువు కూడా వేరే జాతి వస్తువు పక్కన పెట్టని మనిషి, అన్నీ కలగలిపి, కుప్పలు పొయ్యడానికి ప్రయత్నిస్తోంది.

"రావే మరదలా, రా! కిటికీ కింద ఏముండేదో చెప్పు. ఏ పిడి ఉండేది? నల్లదా, చెక్కదా?"

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఒక పిడి తీసింది, పెట్టేసింది. "చెక్కదనుకుంటా వదినా."

"అనుకోవడం కాదే, గుర్తు తెచ్చుకో! రోజూ చూసేదానివిగా?"

"నేనెప్పుడు చూశాను వదినా?" అంది అమ్మ. "తిట్టుకుంటూ దాటేదాన్ని. దాటేటప్పుడు చీర తగులుతుందేమోనని నా కాళ్ల కేసి చూసుకునేదాన్ని. ఆ కుప్పలో ఏముందో ఒక్కరోజు వంగి చూడలేదు."

అత్త నా వైపు తిరిగింది. "కోడలు పిల్లా, నువ్వు చెప్పు. చిన్నప్పట్నుంచీ గెంతేదానివి కదే వీటిమీంచి."

నిజమే, గెంతేదాన్ని. ఎంత ఎత్తు గెంతాలో నా కాళ్లకి ఇప్పటికీ గుర్తుంది. గుమ్మం పక్క కుప్ప దగ్గర చిన్న గెంతు, కిటికీ దగ్గర పెద్దది. కుప్పలో ఏముండేదో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ముగ్గురం ఊచల మధ్య కూర్చుని ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నాం. బయట వాన. ఆ వానలో, ఊళ్లో ఎవరెవరి నెత్తి మీదో ఉండాల్సిన గొడుగులు మా గచ్చు మీద చెల్లాచెదురుగా ఉన్నాయి.

"వదిలెయ్ అక్కా."

నాన్న లేచి ఎంతసేపైందో తెలియదు. మంచం మీంచే చూస్తున్నాడు.

"తప్పు చేశాన్రా" అంది అత్త. "నీ మంచికే అనుకున్నా."

"నాకు తెలీదా? నేనే చెప్పుకోలేదు. వదిలెయ్. చక్కగా సర్దిన ఇల్లు, పాడుచెయ్యకు."

అత్త ఊచల్ని మళ్లీ పెట్టెలోకి ఎత్తింది. ఈసారి పొడుగు ప్రకారం పెట్టలేదు, చేతికొచ్చినట్టు వేసేసింది.

రెండురోజుల తర్వాత ఊరికి బయల్దేరింది. ఇంకొన్నాళ్లుండమని అమ్మ మనస్ఫూర్తిగానే అడిగింది, అత్త వినలేదు. గుమ్మం దాకా వచ్చేసరికి వాన పెద్దదైంది. "ఆగు వదినా, గొడుగు తెస్తా" అంటూ అమ్మ లోపలికి పరుగెత్తింది. వెళ్లి, గది మధ్యలో ఆగిపోయింది. గొడుగులు బాగుచేసే ఇంట్లో తెరుచుకునే గొడుగు ఒక్కటంటే ఒక్కటి లేదు. అత్త సంచీ నెత్తిన పెట్టుకుని వానలోకి దిగింది. ఆటో దొరికేదాకా అలాగే తడిసింది. నేను వెనకాలే వెళ్లాను, తడవడానికి తోడు తప్ప ఎందుకూ పనికిరాలేదు.

నాన్న చెయ్యి తర్వాత కొంత తిరిగింది. చెంచా పట్టుకునేటంత, దుప్పటి లాక్కునేటంత. పని మాత్రం పట్టలేదు. డాక్టరమ్మ పట్టుకుని చూసి, "పని ముందు కూర్చోబెట్టారా?" అని అడిగింది. కూర్చోబెట్టామనే చెప్పాం. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. గొడుగులడగడానికి వచ్చినవాళ్లలో ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. టీచరమ్మ అయితే "పాతదండీ, పోనివ్వండి" అని ఎదురు ఓదార్చేది. ఆవిడ అలా అన్న ప్రతిసారీ నాన్న కిటికీ వైపు చూసేవాడు. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ ఇల్లు మెచ్చుకునేవాళ్లు. "ఎంత శుభ్రంగా ఉంచుకున్నారమ్మా!" అనేవాళ్లు. ఆ మాట వినగానే అమ్మ ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయేది.

వానలు వెనకపట్టు పట్టే రోజుల్లో, బళ్లో గంట కొట్టే ముసలాయన వచ్చాడు. నాన్న సంగతి ఆయనకి తెలియదు. అలవాటు కొద్దీ, రెండు ఊచలు విరిగిన గొడుగు గుమ్మంలో పెట్టి, "తొందరేం లేదు, మళ్లీ వానలకి ఇవ్వండి" అని వెళ్లిపోయాడు. పిలిచి చెబుదామని నేను లేచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. గొడుగు తీసుకొచ్చింది. నాన్న చూస్తుండగా, కడిగిన గచ్చు మీద, కిటికీ కింద పెట్టింది.

"ఇక్కడేనా?" అని అడిగింది.

నాన్న కాసేపు ఆలోచించాడు. "ఇంకొంచెం ఇటు. ఆయనకి తొందర లేదన్నాడుగా" అన్నాడు. అమ్మ దాన్ని ఇంకొంచెం ఇటు జరిపింది.

అది అక్కడే ఉండిపోయింది. నాన్న దాన్ని విప్పలేదు. మేం అడగలేదు. అమ్మ రోజూ గదంతా ఊడ్చి, దాని దగ్గరకొచ్చేసరికి చీపురు మెల్లగా చేసి, చుట్టూ ఊడ్చి వదిలేసేది. మళ్లీ స్టోరత్త వచ్చినప్పుడు, ఆవిడ కళ్లు ముందుగా దాని మీదే పడ్డాయి. సర్దిన గదిలో, దుమ్ము పట్టి, అడ్డంగా పడి ఉన్న ఒకే ఒక్క వస్తువు. ఆవిడ చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది.

అమ్మ నోరు తెరవబోయింది. అత్తే తల ఊపింది.

"ముట్టుకోన్లేవే" అంది. కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని, వంగి, ఆ గొడుగుని కింద నుంచి పై దాకా నిదానంగా చూసింది. పిడి ఎలా ఉందో, గుడ్డ ఏ రంగో, ఏ ఊచ ఎక్కడ విరిగిందో అంతా చూసింది. అప్పుడు దాన్ని తప్పించుకుని, పక్కనుంచి నడిచి వెళ్లి తమ్ముడి దగ్గర కూర్చుంది.